బడి కమిటీకి పోటీ చేసిన మా అక్క: బోర్డు స్కూలు నుంచి నాదర్‌గుల్ దాకా

ఈసారి ఎపిసోడ్‌కి కారణం ఒక వాట్సాప్ ఫోటో.

పోయినేడు ఏప్రిల్‌లో మా ఇంటి గ్రూప్‌లో, టెక్సాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక ఫోటో పెట్టాడు. ఇంటి ముందు గడ్డిలో పాతిన చిన్న అట్ట బోర్డు. దాని మీద ఒక తెలుగు ఇంటిపేరు, దాని కింద ఇంగ్లిష్‌లో స్కూల్ బోర్డ్ అని ఉంది. వాళ్ళ కాలనీలో మనవాళ్ళ ఆయనొకరు స్కూల్ బోర్డు సీటుకి నిలబడ్డారట. ఇక చూడండి గ్రూప్‌లో సందడి. చప్పట్లు, దండాలు, "మనోళ్ళు ఎక్కడికో పోయిన్రు" అంటూ పెద్దమ్మ వాయిస్ మెసేజ్. ఇవన్నీ అయ్యాక మా అక్క ఒక లైన్ రాసింది: "నేను గూడ నిలబడ్డ గద, మన స్కూల్ కమిటీకి." దానికి ఎవ్వరూ జవాబివ్వలేదు. ఒక్క లైకు రాలేదు. నేను కూడా కొట్టలేదు.

ఆ రాత్రి అది గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఇద్దరూ నిలబడింది ఒకటే పనికి. పిల్లలు చదివే బడిని ఎవరు నడపాలి అన్న దానికి. ఆయన బోర్డు ఫోటోకి పండగ చేశాం, మా అక్కది పట్టించుకోలేదు. ఎందుకిలా అని చదవడం మొదలుపెడితే నూటయాభై ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది. ఆ చరిత్రే ఇవాళ చెప్తాను. మధ్యలో మా నాదర్‌గుల్ వస్తుంది, అక్క ఎన్నిక కథ కూడా వస్తుంది.

ముందు అమెరికా సంగతి రెండు ముక్కల్లో. అక్కడ ప్రభుత్వ బళ్ళను జిల్లాలుగా విడగొట్టారు. మన రంగారెడ్డి జిల్లా లాంటి జిల్లా కాదు, బళ్ళ కోసమే వేరే జిల్లా. అలాంటివి 13 వేల పైనే ఉన్నాయి. ఎక్కువ చోట్ల ఆ జిల్లా బోర్డును జనం ఓటేసి ఎన్నుకుంటారు. సూపరింటెండెంట్‌ను పెట్టుకునేది, బడ్జెట్ పాస్ చేసేది ఆ బోర్డే. టెక్సాస్‌లో బోర్డు సభ్యులకు జీతం ఉండదు. అయినా నిలబడతారు, ఎందుకంటే ఆ బోర్డు చేతిలో డబ్బుంది, అధికారముంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకొంచెం వెనక్కి పోతే లండన్. 1870లో ఇంగ్లండ్‌లో ఒక విద్యా చట్టం వచ్చింది, దానితో స్కూల్ బోర్డులు పుట్టాయి. అప్పటికి అక్కడి ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటు లేదు. అది 1918లో వచ్చింది, అదీ అందరికీ కాదు. కానీ స్కూల్ బోర్డుకి ఆడవాళ్ళు ఓటెయ్యొచ్చు, పన్ను కట్టేవాళ్ళయితే. పోటీ కూడా చెయ్యొచ్చు. 1870 నవంబర్‌లో లండన్ బోర్డుకి మొదటి ఎన్నిక జరిగితే, మెరిల్‌బోన్ అనే చోట ఎలిజబెత్ గారెట్ అనే డాక్టరమ్మ నిలబడింది. ఆమెకు 47 వేల పైచిలుకు ఓట్లొచ్చాయి. రెండో స్థానంలో వచ్చింది థామస్ హక్స్‌లీ, డార్విన్ తరఫున వాదించిన పేరున్న శాస్త్రవేత్త. ఆయనకు 13 వేల పైచిలుకు. ఇక్కడొక కిటుకుంది, చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టు. ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు, వాటన్నిటినీ ఒకళ్ళకే వేసుకోవచ్చు. గారెట్ అభిమానులు అన్నీ ఆమెకే గుద్దారు. ఎట్లయితేనేం, దేశాన్ని పాలించే ఎన్నికలో ఓటు లేని ఆడమనిషి బడిని పాలించే ఎన్నికలో అందరికంటే పైన నిలబడింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం.

కోస్తాలోనో రాయలసీమలోనో మీ తాతయ్యల్ని అడగండి, "నేను బోర్డు స్కూల్లో చదివా" అంటారు. నేను చిన్నప్పుడు బోర్డు అంటే నల్ల బోర్డు అనుకున్నా. కాదు. ఆ బోర్డు అంటే తాలూకా బోర్డు, జిల్లా బోర్డు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. రోడ్లకీ ఆసుపత్రులకీ బళ్ళకీ స్థానికంగా పన్ను వసూలు చేసి అక్కడే ఖర్చు పెట్టడం. 1882లో వైస్రాయ్ రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని వెనకాలే 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. మొదట్లో బోర్డుల్లో కలెక్టర్‌దే పెత్తనం, మెల్లగా ఎన్నికైనవాళ్ళు పెరిగారు. 1920లో ఇంకో అడుగు పడింది. అదే ఏడాది కొత్త లోకల్ బోర్డుల చట్టం, దాంతోపాటు మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం. ఈ రెండో చట్టంతో ప్రతి జిల్లాకి విద్య కోసమే ఒక మండలి పెట్టారు. ఏ ఊళ్ళో బడి పెట్టాలి, ఏ బడికి ఎంత గ్రాంటు ఇవ్వాలి లాంటివి ఆ మండలి చూసేది. అమెరికా స్కూల్ బోర్డుకి తెలుగు నేల మీద దగ్గరగా వచ్చిన చుట్టం ఏదైనా ఉందంటే అదే.

చుట్టమే గానీ, ఓటెవరికి? పన్ను కట్టేవాడికి. ఊళ్ళో ఎంతమంది కట్టగలరు? భూమున్నవాళ్ళు, వ్యాపారాలున్నవాళ్ళు. కూలీ బిడ్డ బడికి పోవాలా వద్దా అన్నది కూలీకి ఓటు లేని బోర్డు తేలుస్తుంది. అందుకే అగ్రహారంలోనో, గుడి పక్కనో, ఊరి చావిట్లోనో బళ్ళు పెట్టుకున్నారు. దళిత పిల్లలు ఆ గడప దాటలేరు. ఆ పిల్లల్ని రానివ్వాలని, అందరూ రాగలిగిన చోటికి బళ్ళు మార్చాలని మద్రాసు ప్రభుత్వం బోర్డులకు చెప్పాల్సి వచ్చింది. స్థానికులు ఎన్నుకుంటే చాలు అంతా బాగైపోతుంది అనేవాళ్ళకి నేను ఈ మాటే చెప్తా. స్థానికుల్లో ఎవరు, అది ముందు చూడాలి.

సరే, అదంతా మద్రాసు వైపు. హైదరాబాద్ వైపు ఏముంది? ఓటు సంగతి తర్వాత, బడే కష్టం. నాదర్‌గుల్ లాంటి నగరం చుట్టుపక్కల ఊళ్ళ ప్రాంతాన్ని అత్రాఫ్ బల్దా జిల్లా అనేవాళ్ళు. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన ఇలాకా. అక్కడ సర్కారు బడి ఉంటే ఉర్దూలో. ఉర్దూ రాని ఊరి జనం నలుగురూ చేరి పంతుల్ని పెట్టుకుని తెలుగులో సొంత బడి నడిపేవాళ్ళు. దాన్ని ఖాన్గీ బడి అనేవాళ్ళు. మన పెద్దోళ్ళ నోట కాన్గీ బడి అని వింటుంటాం. 1920ల్లో వాటి మీద కూడా నిబంధనలు పెట్టారు. సర్కారు అనుమతి లేకుండా ప్రైవేటు బడి పెట్టకూడదు. చాలా బళ్ళు మూతపడ్డాయి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. ఆ కాలపు మహాసభల తీర్మానాల్లో బడి, మాతృభాష మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అటు వైపు జనం బోర్డులో సీటు కోసం కొట్లాడుతుంటే, ఇటు వైపు జనం బడి తెరవనివ్వండి అని అడుగుతున్నారు. ఒకటే భాష, రెండు వేరే వేరే చరిత్రలు. ఈ తేడా మన పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లు కూడా ఉండదు, అది వేరే బాధ.

ఈ రెండూ కలిసింది 1959లో. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో సిఫార్సు చేస్తే, 1959లో రాజస్థాన్ తర్వాత దేశంలోనే రెండోదిగా ఆంధ్రప్రదేశ్ మూడంచెల పంచాయతీరాజ్ పెట్టింది. నెహ్రూ వచ్చి ప్రారంభించింది ఎక్కడో తెలుసా? షాద్‌నగర్‌లో. మా నాదర్‌గుల్ నుంచి బైక్ మీద పోయొచ్చే దూరం. పాత జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్ వచ్చింది, ఊళ్ళ గుంపుకి పంచాయతీ సమితి వచ్చింది. హైస్కూళ్ళు పరిషత్‌కి, చిన్న బళ్ళు సమితికి. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులు తీసేసి మండలాలు తెచ్చింది, అప్పుడు సమితి బడి మండల పరిషత్ బడి అయింది.

ఇప్పుడు మీ ఇంటి దగ్గరున్న సర్కారు బడి గేటు దగ్గరికి పోయి పైన ఏం రాసుందో చదవండి. "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల". "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల". రోజూ చూస్తాం, చదవం. దాని అర్థం, ఈ బడి మీరు ఓటేసి ఎన్నుకున్న సభది అని. గేటు మీద ఓటు రాసి పెట్టారు.

ఇది తెలిసిన రోజు నేను మా వైపు గేట్లన్నీ చూసుకుంటూ తిరిగా. అప్పుడు దొరికింది అసలు తమాషా. నాదర్‌గుల్ తెలియని వాళ్ళకి చెప్తా. ఎల్బీనగర్ నుంచి బీఎన్‌రెడ్డి నగర్, గుర్రంగూడ మీదుగా వస్తే మా ఊరు. శిక్షణ విమానాల రన్‌వే ఉంది, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు ప్లాట్లు. మా నాన్న కాలంలో గ్రామ పంచాయతీ. తర్వాత బడంగ్‌పేట మున్సిపాలిటీలో కలిసింది. 2019లో అది కార్పొరేషన్ అయింది, 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిపేశారు. మున్సిపాలిటీలో ఉన్నవాళ్ళకి జిల్లా పరిషత్ ఎన్నికలో ఓటుండదు. జడ్పీటీసీ, ఎంపీటీసీ పల్లెలకే. అంటే మా దగ్గర గేటు మీద జిల్లా పరిషత్ అని ఉంటుంది, ఆ జిల్లా పరిషత్‌కి మాకు ఓటు లేదు. మేం ఓటేసే కార్పొరేటర్‌దేమో ఆ బడి కాదు. 2024 జూలైతో పరిషత్తుల పాలకవర్గాల గడువు కూడా అయిపోయింది, స్పెషల్ ఆఫీసర్లొచ్చారు. ఊరు పట్నమైనప్పుడు రోడ్డు వెడల్పయింది, ఇంటిపన్ను పెరిగింది, ఇవన్నీ అందరికీ తెలిసినవే. బడి మీద ఓటు పోయిందని ఎవరైనా అన్నారా? నేనైతే వినలేదు.

మరి ఓటు ఎక్కడుంది? బడి లోపలికి పోయింది. ఇది 1990ల కథ.

చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులు. ప్రతి దానికీ కమిటీ. 1997లో సాగునీటికి రైతుల సంఘాలు, ఎన్నికలు పెట్టి మరీ. అడవికి వన సంరక్షణ సమితులు. అదే వరుసలో 1998లో బళ్ళ కోసం ఒక చట్టం తెచ్చారు, విద్యలో ప్రజల భాగస్వామ్యం పేరుతో. బడి కమిటీని ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. దీని మీద అప్పుడే విమర్శ వచ్చింది. పంచాయతీలనే రాజ్యాంగబద్ధమైన సభలు ఉండగా, వాటి పక్కన ఈ కమిటీలు పెట్టి వాటి బలం తీసేస్తున్నారని. విమర్శలో నిజముంది. కానీ ఇంకోటి కూడా నిజం. జిల్లా బోర్డు కాలంలో ఓటు పన్ను కట్టినోడిది. పరిషత్ కాలంలో ఊళ్ళో ఓటు వయసొచ్చిన అందరిదీ, కానీ పిల్లల్ని ప్రైవేటుకి పంపే పెద్దమనిషే గెలిచేవాడు. ఈ కమిటీలో మాత్రం మీ బిడ్డ ఆ బడిలో కూర్చుని ఉంటేనే ఓటు. నా దృష్టిలో నూటయాభై ఏళ్ళలో ఇదే పెద్ద మలుపు, అయినా దీని మీద ఒక్క సినిమా డైలాగ్ కూడా లేదు.

2010 ఏప్రిల్ 1న దేశమంతా విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది. అందులో 21వ సెక్షన్, పాఠశాల యాజమాన్య కమిటీ. నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక కమిటీయే రాయాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి నుంచి ముగ్గురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. హెడ్మాస్టర్ కన్వీనర్. తెలంగాణలో 2019 తర్వాత ఎన్నికలు పెట్టకుండా పాత కమిటీల గడువే పొడిగిస్తూ పోయారు. మళ్ళీ ఎన్నిక వచ్చింది 2024 జనవరి 29న.

మా అక్క నిలబడింది ఆ రోజే.

బడి పేరు చెప్పను. చిన్న బడి, 5 దాకా తరగతులు. అక్క కూతురు అప్పుడు నాలుగో తరగతి. అక్క టైలరింగ్ చేస్తుంది, ఇంటర్ దాకా చదివింది. నిలబడటానికి కారణం ఒకటే. బడిలో బాత్రూం ఉంది, నీళ్ళు లేవు. బోరు మోటరు కాలిపోయి నెలలైంది. మా మేనకోడలు పొద్దున ఇంట్లో నీళ్ళు తాగేది కాదు. ఎందుకే అంటే, "తాగితే పోవాలె గదా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల.

ఈ ఎన్నికలో పోస్టర్లుండవు, పార్టీ గుర్తులుండవు. అసలు పోటీ ఇంకో అభ్యర్థితో కాదు, హాజరుతో. తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో కనీసం సగం మంది వస్తేనే ఎన్నిక. తల్లో తండ్రో ఒకరు చాలు. నాలుగో తరగతిలో 21 మంది పిల్లలు, అంటే 11 మంది రావాలి. జనవరి 29 ఏ వారం? సోమవారం. ఆ 21 ఇళ్ళలో సగం మంది బిల్డింగ్ పనికి పోయేవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. పొద్దున అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆదివారం మొత్తం అక్క ఇంటింటికీ తిరిగింది, నన్ను స్కూటీ నడపమని వెంట తీసుకుపోయింది. ఒకామె అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "చెయ్యెత్తనీకి వస్త. ఒక పూట కూలి ఎవరిస్తరక్కా?" అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. చట్టం రాసినవాళ్ళ దగ్గర కూడా ఉందనుకోను.

సోమవారం తొమ్మిదిన్నరకి ఏడుగురు వచ్చారు. పదింటికి తొమ్మిది. హెడ్మాస్టర్ గారు గడియారం చూస్తున్నారు. అక్క ఫోన్లు చేస్తూనే ఉంది. పదిన్నర దాటాక ముగ్గురు ఆడవాళ్ళు ఆటో దిగారు, చేతులకి సిమెంటు అట్లనే ఉంది. పక్క కాలనీలో స్లాబు పని నడుస్తుంటే మేస్త్రిని అడిగి గంట కోసం వచ్చారట. అందులో ఒకామె, నిన్న కూలి ఎవరిస్తరని అడిగిన ఆమె. పన్నెండు మంది అయ్యారు. చేతులెత్తారు. ముగ్గురిలో ఒకరిగా అక్క గెలిచింది.

మధ్యాహ్నం అన్ని తరగతుల సభ్యులు 15 మంది కూర్చుని చైర్మన్‌ని ఎన్నుకోవాలి. అక్క దానికీ నిలబడింది. ఎదురు నిలబడ్డాయన ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, అందరికీ తెలిసిన మనిషి. ఆయనకి తొమ్మిది, అక్కకి ఆరు. అయిపోయింది.

ఇక్కడ ఆయన్ని విలన్‌ని చేస్తారనుకుంటున్నారేమో. చెయ్యను. గెలిచిన వారంలోనే ఆయన తన జేబులోంచి డబ్బు పెట్టి మోటరు బాగు చేయించాడు. నీళ్ళొచ్చాయి. నేను సంతోషపడి, "నువ్వు గెలవకపోయినా పనైంది గదా అక్కా" అన్నా. అక్క బట్ట మీద సుద్దతో గీత గీస్తూ అంది: "అయింది తమ్మీ. ఆయన దయతోని అయింది. మళ్ళ కాలిపోతే మళ్ళ ఆయన ఇంటికే పోవాలె." కమిటీ తీర్మానం చేసి, బడి గ్రాంటు లోంచి చేయిస్తే అది బడి పని. ఇది ఆయన చేసిన ఉపకారం. ఈ తేడా మా అక్కకి తెలిసినంత బాగా నాకు తెలియదు అప్పటికి.

ఇంకొకటి చెప్పి తీరాలి. మొదటి మీటింగుల్లో ఒకదాంట్లో రిజిస్టర్ ఇచ్చి సంతకాలు పెట్టమన్నారు. పైన పేజీ ఖాళీ. తీర్మానం తర్వాత రాస్తారట, ఎప్పుడూ అంతే అట. అక్క పెన్ను పట్టుకుని, "రాసినాంక పెడ్త సార్, నేను కూసుంట" అంది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ గదిలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయట. హెడ్మాస్టర్ గారు మంచివారు, అరగంట కూర్చుని రాశారు. అక్క చదివింది. పక్కనున్న ఆమెకి చదవడం రాదు, పైకి చదవమంది. చదివింది. తర్వాత అన్ని మీటింగుల్లోనూ తీర్మానం పైకి చదివాకే సంతకాలు.

2024 మార్చిలో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టింది. బడి మరమ్మతులు, తాగునీరు, టాయిలెట్లు, కరెంటు లాంటి పనులు వాటి ద్వారా. అధ్యక్షురాలు మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలు. పనులు జరిగాయి, నేను కళ్ళతో చూశా, రంగులు కూడా పడ్డాయి. ఆడవాళ్ళ చేతికి డబ్బు రావడం చిన్న విషయం కాదు. కానీ ఆ అధ్యక్షురాల్ని ఎన్నుకున్నది సంఘం సభ్యులు, ఆ బడి పిల్లల తల్లిదండ్రులు కాదు. సిమెంటు చేతులతో వచ్చి ఎత్తిన ఆ పన్నెండు చేతులు ఎన్నుకున్న కమిటీ ఒకటి, డబ్బు పోయే కమిటీ ఇంకొకటి. టెక్సాస్ ఆయన ఫోటోకీ మా అక్క మెసేజ్‌కీ ఉన్న తేడా ఇక్కడుందని నాకనిపిస్తుంది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నానే, ఆ బోర్డు చేతిలో డబ్బుందని, అది ఇందుకే. పక్క రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీ ఎన్నికలే జరిగితే కొన్ని చోట్ల పార్టీలు దిగి కొట్లాడుకున్నాయి. చెడ్డ విషయమే. కాకపోతే ఏమీ లేని చోట ఎవరూ కొట్లాడుకోరు.

2025 ఏప్రిల్‌లో మేనకోడలి ఐదో తరగతి అయిపోయింది. బిడ్డ బడి దాటితే తల్లి సభ్యత్వం కూడా పోతుంది. పదిహేను నెలలకే అక్క మాజీ అయింది. టెక్సాస్ ఫోటో వచ్చింది సరిగ్గా ఆ నెలలోనే.

ఆరో తరగతి ఎక్కడ అని ఇంట్లో గొడవ. బావకి ప్రైవేటులో వేయాలని. ఆయన్ని తప్పుపట్టను, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాదర్‌గుల్ దాకా రోడ్డు పొడుగునా ఉన్న హోర్డింగులు చూస్తే ఎవరికైనా భయం పుడుతుంది, మన పిల్ల వెనకపడుతుందేమోనని. ఇక్కడొక చట్టం సంగతి. ఇందాక చెప్పిన 21వ సెక్షన్ ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకి వర్తించదు. అంటే లక్ష కట్టే తల్లిదండ్రులకి ఆ బడిలో ఓటు లేదు, ఏమీ కట్టని సర్కారు బడి తల్లిదండ్రులకి ఉంది. మా బస్తీలో ఈ మాట చెప్తే నమ్మరు.

బావ మాట కాదనలేక అక్క ఒక ప్రైవేటు స్కూల్‌కి పోయింది, వెంట నేనూ పోయా. ఏసీ గది, కాఫీ. అడ్మిషన్ చూసే అబ్బాయి ల్యాబులు, స్విమ్మింగ్ పూల్, అన్నీ స్క్రీన్ మీద చూపించాడు. అంతా అయ్యాక అక్క అడిగింది, "తల్లిదండ్రుల కమిటీ ఉంటదా బాబూ?" ఆ అబ్బాయి నవ్వి, "వాట్సాప్ గ్రూప్ ఉంది మేడమ్. అప్‌డేట్స్ అన్నీ అందులోనే వస్తాయి" అన్నాడు. "మేం గూడ రాయొచ్చా అండ్ల?" "లేదు మేడమ్, అడ్మిన్స్ ఓన్లీ."

బయటికొచ్చి స్కూటీ ఎక్కేదాకా ఆపుకుని, తర్వాత ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ జూన్‌లో పిల్ల జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరింది. బావ నెల రోజులు ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు పర్వాలేదు.

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ మా ఇంటి గ్రూప్‌లో వెనక్కి, వెనక్కి పోయి అక్క పెట్టిన ఆ లైను పట్టుకున్నా. లైకు కొట్టా. రెండు నిమిషాల్లో ఫోన్. "ఏందిరా, ఏడాదైంది, గిప్పుడెందుకు?" ఎపిసోడ్ చేస్తున్నా అన్నా. "నా పేరు చెప్పకు" అంది. చెప్పలేదు. కొంచెంసేపు ఆగి, "హైస్కూల్ కమిటీకి మళ్ల ఎన్నిక పెడ్తరంటనా? ఏమన్న తెలిస్తే జెప్పు" అంది.

మీ ఇంట్లో ఎవరైనా బడి కమిటీకి నిలబడి ఉంటే, గెలిచినా ఓడినా, ఏం జరిగిందో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో సరూర్‌నగర్ చెరువు గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.